నలుగురూ అద్దుకుని తినే డిప్‌కి ఏ గింజ, ఏ కూరగాయ?

బంధువులు వస్తున్నారంటే పొయ్యి మీద నూనె మూకుడు ఎక్కాల్సిందే అన్నట్టు ఉండేది మా ఇల్లు. ఇప్పుడు వచ్చే పదిమందిలో ముగ్గురికి షుగర్, ఇద్దరికి బీపీ. మిరపకాయ బజ్జీల పళ్లెం ముందుపెడితే మా పెదనాన్న ఒకటి తిని, రెండోదానివైపు చూసి చెయ్యి వెనక్కి తీసుకోవడం నాకు చాలా కష్టంగా అనిపించింది. అప్పటినుంచి ఉడికించిన గింజలూ కూరగాయలూ కలిపి రుబ్బిన డిప్ గిన్నెడు, దాని చుట్టూ అద్దుకోవడానికి కీర, క్యారెట్, ముల్లంగి ముక్కలు పెడుతున్నాను. తిన్నవాళ్లు అడిగే మాట దాదాపు ఒకటే: “దీన్ని కాబూలీ శనగలతోనే చెయ్యాలా? ఇంట్లో ఉన్నవాటితో కుదరదా?”

కుదురుతుంది. కాకపోతే ఒక్కో గింజది ఒక్కో గుణం, ఒక్కో కూరగాయతో ఒక్కో చిక్కు. ఐదారు రకాలు మార్చి మార్చి చేశాక నాకు తేలినవి చెబుతాను.

ముందుగా ఉప్పు మాట. రోటి పచ్చడి చేసే అలవాటుతోనే డిప్ చేస్తే మొదటిసారి తప్పకుండా ఉప్పు ఎక్కువవుతుంది. పచ్చడిలో ఉప్పూ కారమూ అన్నంలో కలిసేలా వేస్తాం, చెంచాడు పచ్చడితో నాలుగు ముద్దలు తింటాం. డిప్‌కి వెనకాల అన్నం ఉండదు. కబుర్లలో పడి చెంచాల కొద్దీ తినేస్తారు. రోజుకి 5 గ్రాముల ఉప్పు, అంటే సుమారు ఒక టీస్పూను, దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పదిమందికి చేసే గిన్నెడు డిప్‌కి నేను ముప్పావు టీస్పూను ఉప్పు మించనివ్వను. చప్పగా అనిపిస్తే నిమ్మరసం, వేయించిన జీలకర్ర పొడి ఇంకాస్త వేస్తాను గానీ ఉప్పు డబ్బా జోలికి పోను.

దుకాణంలో దొరికే మయొనీజ్ డిప్ ఉండగా ఈ శ్రమ ఎందుకు అనేవాళ్లూ ఉన్నారు. మయొనీజ్ ఒక టేబుల్ స్పూనులోనే దాదాపు 90 క్యాలరీలు ఉంటాయి, అందులో ఎక్కువ భాగం నూనె. పైగా పచ్చి గుడ్డుతో చేసిన మయొనీజ్ ఎండ వేడికి ఎంత ప్రమాదమో హైదరాబాద్ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కలుషిత ఆహారం తిని జనం ఆస్పత్రుల పాలైన తరవాత 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డు మయొనీజ్‌ని ఏడాదిపాటు నిషేధించింది. గింజల డిప్‌లో ఆ భయం లేదు. వేరే జాగ్రత్తలు ఉన్నాయి, వాటి సంగతి చివర్లో.

గింజల సంగతి

కాబూలీ శనగలతో మొదలుపెడదాం, ఎందుకంటే డిప్ అనగానే అందరికీ గుర్తొచ్చేది హమ్ముస్. అది లెబనాన్, సిరియా, పాలస్తీనా వైపు వంట. అరబ్బీలో హమ్ముస్ అంటే శనగలనే అర్థం, కాబట్టి బొబ్బర్లతో చేసినదాన్ని హమ్ముస్ అనడం నాకు నచ్చదు. శనగలకి ఉన్న గొప్పతనం వాటి చిక్కదనం. రుబ్బితే వెన్నలా వస్తుంది, గిన్నెలో గంటసేపు ఉన్నా నీరు తేలదు. కష్టమల్లా పొట్టుతోనే. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, పావు టీస్పూను వంట సోడా వేసి కుక్కర్లో ఆరేడు కూతలు రానిస్తే పొట్టు మెత్తబడుతుంది. బోరు నీళ్లు వాడే ఇళ్లలో సోడా తప్పనిసరి అనుకోండి, ఆ నీళ్లలోని సున్నం గింజని సరిగా ఉడకనివ్వదు. బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి నొక్కితే గింజ ముక్కలుగా విరగకుండా పేస్టులా జారిపోవాలి. అంతవరకూ ఉడికినట్టు కాదు. ఏడాది నుంచి డబ్బాలో ఉన్న పాత శనగలు ఎన్ని కూతలు వచ్చినా ఆ స్థితికి రావు, వాటిని గుగ్గిళ్లు చేసుకోండి. నల్ల శనగల పొట్టు మరీ మందం. నేను రెండుసార్లు చేసి, గరగరలాడుతూ ఉంటే మానేశాను.

పొట్టు బెడద వద్దనుకుంటే పచ్చి శనగపప్పు ఉంది. రెండు గంటలు నానితే చాలు, నాలుగైదు కూతలకే మెత్తబడి నున్నగా నలుగుతుంది. కానీ దీనితో ఒక చిత్రమైన ఇబ్బంది ఉంది, అది తెలుగువాళ్లకే తెలుస్తుంది. ఉడికించి రుబ్బిన శనగపప్పు వాసన తగలగానే మన నాలుకకి బొబ్బట్ల పూర్ణం గుర్తొస్తుంది, తీపి కోసం ఎదురుచూస్తుంది. అక్కడ పులుపు తగిలితే ఎక్కడో తేడా కొట్టినట్టు ఉంటుంది. వెల్లుల్లి, పచ్చిమిర్చి, పుదీనా కాస్త ఎక్కువ పడితే ఆ జ్ఞాపకం తగ్గుతుంది. పిల్లలకి ఈ గొడవ ఉండదు, వాళ్లకి బాగా నచ్చుతుంది.

నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు చేసేది బొబ్బర్లతో. రాయలసీమలో అలసందలు అంటారు. మన వానలకీ మన నేలలకీ బాగా అలవాటైన పంట. కిరాణా కొట్టు ఏదైనా దొరుకుతుంది, కాబూలీ శనగల కన్నా తొందరగా ఉడుకుతుంది. మూడు నాలుగు గంటలు నానబెడితే రెండు మూడు కూతలు చాలు. నానబెట్టడం మర్చిపోయిన రోజున కూడా ఐదారు కూతలతో పని అయిపోతుంది, ఈ ఒక్క గుణానికే దీనికి నా ఇంట్లో మొదటి పీట. రుచి కాస్త మట్టి వాసనతో, కమ్మగా ఉంటుంది. వంకాయ, గోంగూర, మామిడికాయ లాంటి ఘాటు, పులుపు ఏది కలిపినా లొంగుతుంది. లోపం రంగు. రుబ్బితే బూడిదరంగు కలిసిన గోధుమ రంగులో వస్తుంది, చూడగానే ఎవరూ ముందుకి రారు. పైన కొత్తిమీర, దానిమ్మ గింజలు, చెంచాడు పప్పునూనె (నువ్వుల నూనె) పోసి పెడితే ఆ కొరత తీరుతుంది.

రాజ్మా విషయంలో కొంచెం గట్టిగా చెప్పాలి. పచ్చి రాజ్మాలో ఫైటోహీమాగ్లూటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. సరిగా ఉడకని గింజలు తింటే కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో తెర్లేలా బాగా మరిగించి ఉడికించాలి. మన ప్రెషర్ కుక్కర్లో ఏడెనిమిది కూతలు వస్తే ఇబ్బంది లేదు. విదేశాల్లో ఉన్న మనవాళ్లు స్లో కుక్కర్లో నానిన రాజ్మా వేసి ఆఫీసుకి వెళ్లిపోతుంటారు, అది మాత్రం వద్దు. ఆ సన్నని వేడి గింజని మెత్తబరుస్తుంది గానీ విషాన్ని విరచదు. ముందు పొయ్యి మీద అరగంట మరిగించాకే అందులో వెయ్యాలి. ఇంత జాగ్రత్త తీసుకున్నాక వచ్చే డిప్ మాత్రం చాలా బాగుంటుంది. టమాటా, కాల్చిన క్యాప్సికం, జీలకర్రతో కలిపితే మెక్సికో వైపు రుచి వస్తుంది. ఎర్ర రాజ్మా కన్నా చారల చిత్రా రాజ్మా మెత్తగా నలుగుతుంది.

పెసరపప్పు అత్యవసరానికి. అతిథులు గంటలో వస్తున్నామని ఫోన్ చేసినప్పుడు ఇంకే గింజా ఆదుకోదు. కప్పు పప్పు దోరగా వేయించి, కప్పున్నర నీళ్లలో ఇరవై నిమిషాలు ఉడికిస్తే సిద్ధం. నీళ్లు అంతకు మించితే డిప్ బదులు పప్పు తయారవుతుంది. చల్లారే కొద్దీ బిగుస్తుంది కాబట్టి వేడిగా ఉన్నప్పుడు కొద్దిగా జారుగానే దించాలి. కడుపు ఉబ్బరం ఉన్నవాళ్లకీ, పెద్దవాళ్లకీ నేను ఇదే చెబుతాను.

చలికాలంలో చిత్తూరు, అనంతపురం వైపు అనపకాయలు వస్తాయి. పచ్చి గింజలు నానబెట్టి, వేళ్లతో పితికి పొట్టు తీసిన పితికిపప్పు దొరికితే వేరే ఆలోచన పెట్టుకోకండి. పావుగంటలో ఉడుకుతుంది, లేత ఆకుపచ్చ రంగు, కమ్మని వాసన. వెల్లుల్లి, పచ్చిమిర్చి, నిమ్మరసం తప్ప ఇంకేమీ అడగదు. గింజలు పితకడానికి మాత్రం ఇంట్లో నలుగురు కూర్చోవాలి.

ప్రొటీన్ చూసి గింజ ఎంచుకోవాలా అని మా పిన్ని కూతురు అడిగింది. అవసరం లేదు. ఉడికిన కాబూలీ శనగలు 100 గ్రాముల్లో సుమారు 9 గ్రాముల ప్రొటీన్, 164 క్యాలరీలు. రాజ్మాలో కూడా 9 గ్రాముల దగ్గరే, 127 క్యాలరీలు. బొబ్బర్లలో 8 గ్రాములకి కాస్త తక్కువ, 116 క్యాలరీలు. పీచు అన్నిట్లో 6 నుంచి 8 గ్రాముల మధ్య ఉంటుంది. చెంచాల లెక్కన తినేదానికి ఇది పెద్ద తేడా కాదు. క్యాలరీలు నిజంగా పెరిగేది నూనె దగ్గర. ఒక టేబుల్ స్పూను నూనె 120 క్యాలరీలు. మెరుస్తూ కనిపించాలని పావు కప్పు పోశామంటే గింజలు ఏవైనా ఒకటే.

కూరగాయ ఎలా కలపాలి

ఇక్కడ చాలామంది చేసే తప్పు పచ్చి కూరగాయ రుబ్బి కలపడం. ఉప్పు తగలగానే కూరగాయ నీళ్లు వదులుతుంది, అరగంటలో గిన్నె అంచున నీటి వలయం కనిపిస్తుంది. కూరగాయని ముందే కాల్చో, మగ్గబెట్టో దానిలో నీరు ఇగరనివ్వాలి. కొలత నేను పాటించేది: రెండు కప్పుల ఉడికిన గింజలకి ఒక కప్పు మగ్గిన కూరగాయ. అంతకు మించితే చిక్కదనం పోయి కూర అవుతుంది.

కాల్చిన వంకాయకి సాటి వచ్చేది నాకు కనిపించలేదు. పెద్ద వంకాయకి నాలుగు గాట్లు పెట్టి, రెండు చుక్కల నూనె రాసి, సన్నటి మంట మీద తొక్క నల్లబడేదాకా తిప్పుతూ కాలిస్తే గుజ్జులో పొగ వాసన పడుతుంది. ఆ వాసన ఉన్నచోట ఉప్పు తక్కువైనా నాలుక పట్టించుకోదు. కాలిన వంకాయని పావుగంట జల్లెడలో వేసి ఉంచితే నీరు కారిపోతుంది.

క్యారెట్, ఎర్ర గుమ్మడికాయ తీపి కూరగాయలు, కాబూలీ శనగలకీ పెసరపప్పుకీ బాగా కుదురుతాయి. పిల్లలున్న ఇంటికి ఇవే మంచివి, నిమ్మరసం మాత్రం ఒక చెంచా ఎక్కువ వెయ్యాలి. బీట్‌రూట్ రంగు కోసం కొంచెం చాలు. తొక్కతోనే ఉడికించి ఆ తరవాత ఒలిస్తే రంగు నీళ్లలోకి పోదు. మర్నాడు మూత్రం ఎర్రగా కనిపించినా భయపడొద్దని పెద్దవాళ్లకి ముందే చెప్పి పెట్టండి, కొందరికి అలా అవుతుంది.

గోంగూర గురించి వేరుగా చెప్పాలి, దాన్ని నేను కూరగాయగా కాకుండా పులుపుగా లెక్కవేస్తాను. గుప్పెడు ఆకు చెంచా నూనెలో మగ్గించి బొబ్బర్లతో రుబ్బితే నిమ్మకాయ పిండాల్సిన పనిలేదు. వేసవిలో పచ్చి మామిడికాయ కోరు అదే పని చేస్తుంది. చింతపండు వద్దంటాను, రంగు మరీ నల్లబడుతుంది. ఏ పులుపైనా సరే గింజ పూర్తిగా ఉడికాకే కలపాలి. పుల్లటి నీళ్లలో గింజ మెత్తబడదు, పప్పులో పులుసు చివర్లో పోసేది అందుకేగా. నిమ్మ, మామిడిలోని విటమిన్ సి వల్ల గింజల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది, అది అదనపు లాభం.

బీరకాయ, సొరకాయ మానుకోండి. నీరు ఇంకేదాకా మగ్గిస్తే మిగిలేది చెంచాడు, దానికి రుచీ అంతంత మాత్రం. పాలకూర బాగానే ఉంటుంది గానీ రెండు గంటల్లో రంగు మాసిపోతుంది.

నేను చేసే పద్ధతి

బొబ్బర్లు, వంకాయ డిప్, పదిమందికి. ఒక కప్పు బొబ్బర్లు, అంటే 180 గ్రాములు, నానబెట్టి మూడు కూతలు వచ్చాక దించి, నీళ్లు వంచి పక్కన పెట్టుకుంటాను. ఆ నీళ్లు పారబొయ్యను, రుబ్బేటప్పుడు అవే వాడతాను. రెండు టేబుల్ స్పూన్ల నువ్వులు చిటపటలాడేదాకా వేయించి, చల్లారాక మిక్సీ చిన్న జార్‌లో ముందు పొడి చేసి, ఒక టేబుల్ స్పూను పప్పునూనె వేసి మళ్లీ తిప్పితే ముద్దవుతుంది. నువ్వుల ముద్దగా అమ్మే తహీనీ సీసా కొనాల్సిన పని ఉండదు, ఆ వాసన మన నువ్వుల పొడి వాసనే కాబట్టి ఇంటివాళ్లు తేలిగ్గా అలవాటుపడతారు. నువ్వులు ఎక్కువ వేగితే చేదెక్కుతుంది, రంగు మారగానే దించెయ్యాలి.

రెండు వెల్లుల్లి రెబ్బలు దంచి రెండు టేబుల్ స్పూన్ల నిమ్మరసంలో పది నిమిషాలు ఉంచుతాను. పులుపులో దంచిన వెల్లుల్లికి ఘాటు తగ్గుతుంది. ఇక బొబ్బర్లు, నువ్వుల ముద్ద, వెల్లుల్లి నిమ్మరసం, ఒక పచ్చిమిర్చి, అర టీస్పూను జీలకర్ర పొడి, ముప్పావు టీస్పూను ఉప్పు కలిపి, ఉడికిన నీళ్లు రెండేసి చెంచాలు పోస్తూ రుబ్బాలి. మిక్సీని ఆపి ఆపి తిప్పండి, ఏకబిగిన తిప్పితే ముద్ద వేడెక్కి బ్లేడు కింద ఇరుక్కుంటుంది. వంకాయ గుజ్జు మాత్రం మిక్సీలో వెయ్యను, చేత్తో మెదిపి చివర్లో కలుపుతాను. ఆ నారలు పంటికి తగిలితేనే వంకాయ తిన్నట్టు ఉంటుంది. రోలు ఉన్నవాళ్లు రోట్లో నూరండి, బరకగా వచ్చినా రుచి ఇంకా బాగుంటుంది. పాతిక ముప్పై మందికి చెయ్యాలంటే మిక్సీ దండగ, పిండి రుబ్బే వెట్ గ్రైండర్‌లో వేస్తే ఒక్క వాయిలో అయిపోతుంది.

మొత్తం గిన్నె 800 క్యాలరీలకి అటూ ఇటూగా వస్తుంది. మనిషికి 80, ప్రొటీన్ 4 గ్రాములు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో 2,000 క్యాలరీల భోజనానికి రోజుకి 85 గ్రాముల పప్పుధాన్యాలు సూచించింది. మన డిప్‌లో ఒక్కొక్కరికి వచ్చేది 18 గ్రాముల గింజలు, ఆ లెక్కలో ఐదోవంతు. బజ్జీలు తినే సమయంలో ఇది దక్కడం నాకు సంతోషమే.

డబ్బా గింజలు వాడే అమెరికా బంధువులకి ఒక మాట. 15 ఔన్సుల డబ్బాలో వచ్చేది కప్పున్నర ఉడికిన గింజలు. జల్లెడలో వేసి కుళాయి కింద బాగా కడిగితే ఉప్పు కొంతవరకు పోతుంది. ఆ తరవాత పై కొలతలో సగం ఉప్పుతో మొదలుపెట్టి రుచి చూడండి.

గిన్నె బల్ల మీద పెట్టాక

పదిమంది ఒకే గిన్నెలో అద్దుకుంటే కొరికిన ముక్క మళ్లీ గిన్నెలోకి వెళ్లడం ఖాయం. మన ఇళ్లలో ఎంగిలి అంటే పట్టింపు ఉన్నవాళ్లు పైకి అనకపోయినా తినడం ఆపేస్తారు. మా అత్తయ్య అలాగే కూర్చుండిపోయింది ఒకసారి, నేను చాలాసేపటికి గానీ గమనించలేదు. అప్పటినుంచి గిన్నెలో ఒక చెంచా వేసి, పక్కన చిన్న కప్పులు పెడుతున్నాను. ఎవరికి కావలసింది వాళ్లు కప్పులోకి తీసుకుని అందులో అద్దుకుంటారు. ఎంగిలి కాని గిన్నె ఎక్కువసేపు పాడవకుండా ఉంటుంది, పట్టింపు లేనివాళ్లకి కూడా ఇదే మంచిది.

అద్దుకునే ముక్కల్లో కీర, క్యారెట్, ముల్లంగి, క్యాప్సికంతో పాటు కరకరలాడేది ఒకటైనా ఉండాలి, లేకపోతే పది నిమిషాల్లో విసుగొస్తుంది. జొన్నరొట్టెని పెనం మీద రెండోసారి సన్నసెగన గట్టిపడేదాకా కాల్చి విరిస్తే చక్కటి ముక్కలు వస్తాయి. చెక్కలు పెట్టారంటే మళ్లీ నూనె దగ్గరికే వెళ్లినట్టు, పెట్టకుండా ఉండలేకపోతే నాలుగు పెట్టండి. వచ్చినవాళ్లలో నువ్వులు పడనివాళ్లు ఉన్నారేమో ముందే అడగండి, ఉంటే నువ్వుల ముద్ద, పప్పునూనె బదులు రెండు చెంచాల చిక్కటి పెరుగు సరిపోతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు గింజలు ఎంత తినొచ్చో డాక్టర్ చెప్పిన లెక్క ప్రకారమే తినాలి.

ఫ్రిజ్ నుంచి తీశాక బయట రెండు గంటలు మించి ఉంచొద్దు. ఎండాకాలం 32 డిగ్రీలు దాటిన గదిలో అయితే గంటే. అందుకే నేను చేసినదంతా ఒకేసారి పెట్టను, సగం ఫ్రిజ్‌లోనే ఉంచి మొదటి గిన్నె ఖాళీ అయ్యాక తెస్తాను. బయట పెట్టినది మిగిలితే తిరిగి దాచను. ఫ్రిజ్‌లోనే ఉన్నది మూడు రోజులు బాగుంటుంది, రెండోరోజుకి వెల్లుల్లి ఇంకి రుచి పెరుగుతుంది కూడా. మర్నాడు పొద్దున కాస్త వేడినీళ్లు కలిపి జారుగా చేసి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పెడితే పెసరట్టుకి చట్నీ సిద్ధం.